బ్రాకెట్లో ‘పేరు మార్చాం’

డిసెంబర్ ఒకటి

నేను సిటీ పేజీకి వార్తలు రాయడం మొదలుపెట్టిన రోజుల్లో మా పత్రికలో హెచ్‌ఐవీకి ఏడాదికి ఒక్క రోజే చోటు దొరికేది. డిసెంబర్ ఒకటిన, ప్రపంచ ఎయిడ్స్ దినం నాడు, ర్యాలీ ఫొటో, కాలేజీ పిల్లల చొక్కాలకు ఎర్ర రిబ్బన్లు, పైన ‘కబళిస్తున్న మహమ్మారి’ అని శీర్షిక. ఆర్టిస్టు ఖాళీగా ఉంటే ఒక పుర్రె బొమ్మ కూడా పడేది. మర్నాటికి ఆ సంగతి ఆఫీసులో ఎవరికీ గుర్తుండేది కాదు.

ఈ పద్ధతిని మార్చింది మా ఎడిటర్లు కాదు. చిక్కడపల్లి గ్రంథాలయానికి దగ్గర్లో ఒక సందులో, జిరాక్సు షాపు పైన అద్దె గదిలో ఒక సంఘం నడిచేది. అందులో ఉన్నవాళ్ళంతా హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళు, లేదా వాళ్ళ ఇంటివాళ్ళు. అంజయ్య దానికి పెద్ద. ఒకప్పుడు ఆటో నడిపేవాడు. ఒక డిసెంబర్ రెండున నారాయణగూడలోని మా ఆఫీసుకు ఆ ముందురోజు పేపరు చంకలో పెట్టుకుని వచ్చాడు.

“ప్రతి డిసెంబర్ ఒకటిన మీరు మమ్ముల సంపుతరు మేడం. రెండో తారీఖు మేం మళ్ల లేచి డ్యూటీకి పోవాలె. ఎంత కష్టం, చెప్పుండ్రి.”

అందరం నవ్వాం. అతను కుర్చీ లాక్కుని కూర్చుని, రోగి, బాధితుడు, మహమ్మారి అన్న మాటలు మానేయమని అడిగాడు. ఒంట్లో వైరస్ ఉండటం వేరు, జబ్బు పడటం వేరు. ప్రభుత్వ కేంద్రంలో ఉచితంగా ఇచ్చే మందు రోజూ వేసుకునే మనిషి అందరిలా పనిచేసుకుంటాడు. అందుకని ‘హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారు’ అని రాయమన్నాడు.

సిటీ డెస్కు చూసే రామ్మూర్తి గారు కళ్ళజోడు పైకి తోసుకున్నారు. “సింగిల్ కాలమ్ హెడ్డింగులో అంత మాట పట్టదయ్యా.”

“రోగి పడుతడు గని మనిషి పట్టడా సార్?”

“పడతాడు, పడతాడు. ఒక్కక్షరం ఎక్కువ, అంతేగా. ఇరికిస్తాను లే. నువ్వు మాత్రం ఇట్లా పొద్దున్నే వచ్చి మీద పడకు.”

ఇద్దరూ మాట మీద నిలబడ్డారు. రామ్మూర్తి గారు ‘మనిషి’ని ఇరికించారు. అంజయ్య అప్పట్నుంచి సాయంత్రాలే వచ్చేవాడు.

అడ్డా మీద

నివారణ అంటే హోర్డింగులు, ప్రెస్‌నోట్లు అని అనుకునే వయసులో నేను అంజయ్య వెంట ఒక తెల్లవారుజామున కూలీల అడ్డాకు వెళ్ళాను. పాలమూరు నుంచి వచ్చి బస్తీల్లో ఉంటున్న మేస్త్రీలు, కూలీలు టిఫిన్ డబ్బాలు పట్టుకుని పనికి పిలిచేవాళ్ళ కోసం నిలబడి ఉన్నారు. అంజయ్య కండోమ్‌ల గురించీ, రక్తపరీక్ష గురించీ మామూలు గొంతుతో, బస్సు టైము చెప్తున్నట్టు చెప్తున్నాడు.

ఒక మేస్త్రీ అడ్డం తగిలాడు. “గింత చెప్తున్నవ్, అది వచ్చినోణ్ణి నువ్వెన్నడన్న చూసినవా?”

“పొద్దుగాల అద్దంల చూసిన.”

మేస్త్రీ బీడీ పారేశాడు. కాసేపటికి అతనే అంజయ్యను పక్కకు పిలిచి పరీక్ష ఎక్కడ చేస్తారని అడిగాడు.

కొత్తగా విలేఖరి పనిలోకి వచ్చేవాళ్ళు ఇది గమనించాలి. ప్రభుత్వం మందులు తెచ్చింది, డాక్టర్లు వైద్యం చేశారు. కానీ ఆ మందుల దాకా మనిషిని నడిపించి తీసుకెళ్ళింది, మధ్యలో మానేస్తే ఇంటికెళ్ళి తిట్టి మళ్ళీ తెచ్చింది ఇలాంటి వాళ్ళే. మా పేజీల్లో మాత్రం ప్రారంభోత్సవం చేసినవాళ్ళ ఫొటోలే వచ్చేవి. ఇది ఎవరి మీదో ఫిర్యాదు కాదు. ఫొటోగ్రాఫర్ తొమ్మిదింటికి ముందు డ్యూటీకి రాడు, అడ్డా ఎనిమిదింటికే ఖాళీ అవుతుంది. వార్తల్లో చాలా భాగం ఇలాంటి కారణాలతోనే తప్పిపోతుంది.

పేరు పెట్టే పద్ధతి

తర్వాత చట్టం వచ్చింది. హెచ్‌ఐవీ ఉందని ఎవరినీ ఉద్యోగం నుంచి తీసేయకూడదు, ఉద్యోగానికి పరీక్ష చేయించుకు రమ్మనకూడదు, ఒకరి సంగతి వాళ్ళ ఒప్పుదల లేకుండా మరొకరికి చెప్పకూడదు. దాని మీద ఒక కథనం రాద్దామని సంఘాన్ని అడిగితే బాలమణి ముందుకొచ్చింది. భర్త పోయాక పాలమూరు వైపు నుంచి వచ్చి, కొన్నాళ్ళు ఇటుకలు మోసి, అప్పటికి అశోక్‌నగర్‌లో ఒక మగపిల్లల హాస్టల్‌లో వంట చేస్తోంది. తన సంగతి ఓనరుకు తెలియదు. ఆమె వంట తిన్న పిల్లలకు ఏ ప్రమాదమూ లేదు. వంట వల్ల హెచ్‌ఐవీ సోకదు. అయినా తెలిస్తే తీసేస్తారని ఆమెకు తెలుసు. పేరు లేకుండా మాట్లాడతానంది.

(ఇక్కడ నేను రాస్తున్న పేర్లు కూడా అసలువి కావు. ఈసారి వాళ్ళే పెట్టుకున్నారు.)

ఇటువంటి కథనాలకు మా ఆఫీసులో ఒక కట్టుబాటు ఉండేది. అసలు పేరు రిపోర్టరు ఎవరికీ చెప్పకూడదు. కాపీలో పేరు ఉండాల్సిన చోట ఖాళీ వదలాలి. డెస్కులో ఎవరో ఒక పేరు పెట్టి పక్కన బ్రాకెట్లో ‘పేరు మార్చాం’ అని చేరుస్తారు. డెస్కుకు అసలు పేరు తెలియదు కాబట్టి దానికి దగ్గరగా ఉండే పేరు పెట్టే ప్రమాదం లేదు. రిపోర్టరుకు కొత్త పేరు పేపరు వచ్చాకే తెలుస్తుంది కాబట్టి ముందే ఎక్కడా నోరు జారదు. చాలా ఆలోచించి పెట్టిన పద్ధతి.

రామ్మూర్తి గారికి ఇష్టమైన పేరు సుజాత. “సుజాత అంటే ఏ కులమో తెలీదు, ఏ జిల్లానో తెలీదు. ఏ వయసుకైనా సరిపోతుంది. ఎవరిలోనైనా కలిసిపోతుందమ్మా” అనేవారు. ఆ రోజు కూడా అదే పెట్టారు. గుర్తు దొరక్కుండా ఉండాలని ‘మగపిల్లల హాస్టల్’ అని నేను రాసినదాన్ని కూడా కొట్టేసి ఉత్త ‘హాస్టల్’ చేశారు. అశోక్‌నగర్ పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

అశోక్‌నగర్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్‌లో సుజాత అనే ఆవిడ వంట చేస్తోంది. ఆ సంగతి మా ఇద్దరికీ తెలియదు.

సుజాత వచ్చింది

కథనం వచ్చిన కొద్ది రోజులకు ఆమె మా ఆఫీసు మెట్లెక్కింది. అంబర్‌పేట మనిషి. చేతిలో పేపరు, ముఖం నిండా చెమట.

“మేడం, ఇది రాసింది మీరేనా? పేపర్ల నా పేరెందుకు ఏసిన్రు?”

ముందు నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక బ్రాకెట్ చూపించాను. “పేరు మార్చామని రాశాం కదమ్మా.”

“బ్రాకెట్లు ఎవలు సదువుతరు మేడం? సుజాత, వంట, అశోక్‌నగర్. గివి మూడు సదివిన్రు, నన్ను పనికి రావొద్దన్నరు.”

వాళ్ళ హాస్టల్‌లో అమ్మాయిలు గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్నారు. ఎవరి తండ్రో ఊళ్ళో పేపరు చూసి ఓనరుకు ఫోన్ చేశాడు. ఓనరు రమాదేవి గారు ఆ సాయంత్రమే సుజాతను కొన్నాళ్ళు ఇంటి దగ్గర ఉండమన్నారు. కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళని అడిగితే తలుపు వేసుకున్నారు. సుజాత భర్త నడుము దెబ్బతిని మంచం మీద ఉన్నాడు. ఇల్లు గడిచేది ఆ వంటతోనే.

నేను ఆమెను రామ్మూర్తి గారి దగ్గరకు తీసుకెళ్ళాను. ఆయన కథనం తీసి మళ్ళీ చదివారు. తర్వాత సవరణ వేద్దామని నాలుగు లైన్లు రాసి వినిపించారు: ‘అశోక్‌నగర్ మహిళా హాస్టల్‌లో వంట చేసే సుజాతకు ఈ కథనంతో సంబంధం లేదు.’

“మళ్లొక్కపారి సదువుండ్రి సార్.”

చదివారు.

“గిది ఏస్తే తెల్వనోళ్లకు గూడ తెలుస్తది. వద్దు.” ఆమె పేపరు మడిచింది. “నేనే రక్తపరీక్ష చేయించుకుంట. రిపోర్టు తీసుకపోయి ఆమె ముంగట పెడ్త. అయిపాయె.”

అది తేలిక దారిలాగే కనబడింది. రామ్మూర్తి గారి ముఖం కూడా తేటపడింది. నేను అంజయ్యకు ఫోన్ చేసి పేర్లు లేకుండా సంగతి చెప్పాను. అతను వెంటనే అన్నాడు, “రిపోర్టు ఇయ్యొద్దనుండ్రి మేడం. ఒక్కపారి మా రూముకు తోల్కరాండ్రి.”

జిరాక్సు షాపు పైన

ఆ మధ్యాహ్నం గదిలో ఆరేడుగురు ఉన్నారు. అంజయ్య సుజాతకు నీళ్ళిచ్చి, విషయం మొత్తం ఆమె చేతే చెప్పించుకున్నాడు.

“అక్కా, నువ్వు రిపోర్టు తీసుకపోతవు. నీ పని నీకైతది. ఆమె నిన్ను పనిల పెట్టుకుంటది. రేపటి సంది ఆ గల్లీల ప్రతి హాస్టలోళ్లు వంటోళ్లను రిపోర్టు తెమ్మంటరు. అడగొద్దని చట్టం తెచ్చుకున్నం. నువ్వే ఇస్తే ఇగ అడుగుడు రివాజైతది.”

“అయితే?”

“అయితే మావోళ్లు ఎక్కడ పని చేస్కోవాలె?”

సుజాతకు కోపం వచ్చింది. “మీ హక్కులకోసం నా పొయ్యి ఆర్పుకోవాల్నా అన్నా? నాకేం సంబంధం? నేనేం తప్పు చేసిన?”

“మేమేం తప్పు చేసినం?” అంది గోడవారగా కూర్చున్న ఒక ముసలామె. ఆ మాటకు గదిలో గొంతులు లేచాయి. ఒకరు సుజాత పక్షం, ఒకరు కాదు. రిపోర్టు ఓనరుకు రహస్యంగా చూపిస్తే ఏమవుతుందని ఒకరన్నారు. హాస్టల్లో రహస్యం ఉంటుందా అని ఇంకొకరన్నారు. ఇలాంటి చోట రిపోర్టరు చేయగలిగింది నోరు మూసుకుని కూర్చోవడమే. నేను అదే చేశాను. నాకు కథనంలోని మనిషి ఎవరో తెలుసు, ఆమె అదే గదిలో ఉంది, నేను ఆవైపు చూడకూడదు.

బాలమణే లేచింది. “పేపర్ల ఉన్నది నేనే అక్కా.”

సుజాత ఆమెను కింది నుంచి పైదాకా చూసింది. “నువ్వా? నీ పేరు మంచిగనే దాచిన్రు. నా పేరు పెట్టి.”

“మా ఓనర్ గూడ సదివిండు. ‘ఎవలో సుజాతనట, పాపం’ అని నాకే చెప్పిండు, నేను అన్నం వడ్డిస్తుంటె.”

ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు. సుజాత కూడా నవ్వింది, మరుక్షణం కళ్ళు తుడుచుకుంది.

“నేనొస్త నీ ఓనర్ తానికి,” అంది బాలమణి. “అది నేను, ఈమె గాదు అని చెప్త.”

“నీ నౌకరి పోతది,” అన్నాడు అంజయ్య. “అశోక్‌నగర్ మొత్తం ఒక్కటే గల్లీ లెక్క. ఒక్కపారి నోట్లకెళ్లి వచ్చినంక ఎనుకకు తీసుకునుడు ఉండదు బాలమణీ. జర ఆలోచించు.”

“ఆలోచించిన. నా పాపం ఈమె మీద పడ్డది.”

“పాపమేందే?” అని ముసలామె కసిరింది. “మంచిగ మాట్లాడు.”

చివరకు తేలింది ఇది. ముందు అందరం కలిసి వెళ్ళి చట్టం సంగతి చెప్పాలి. రిపోర్టు ప్రసక్తి తేకూడదు. ఓనరు వినకపోతే ఏం చేయాలన్నది తేలలేదు. బాలమణి తన మాట వెనక్కి తీసుకోలేదు. సుజాత పరీక్షకు వెళ్ళనని ఒప్పుకోలేదు, వెళ్తాననీ అనలేదు.

ఒక్క మాట

రమాదేవి గారిది గుంటూరు వైపు నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిన కుటుంబం. చెడ్డ మనిషి కాదు. పిల్లలకు జ్వరమొస్తే తానే జావ కాచి ఇస్తారని సుజాతే చెప్పింది. మమ్మల్ని హాల్లో కూర్చోబెట్టారు. సుజాత, బాలమణి మాత్రం పక్కపక్కన నిలబడ్డారు. అంజయ్య చట్టం చెప్పాడు. ఆవిడ అంతా విన్నారు.

“చట్టం మంచిదేనండీ. కాదనను. కానీ తల్లిదండ్రులకు నేనేం చెప్పను? ఫోన్ల మీద ఫోన్లు. ఇద్దరు పిల్లలు ఖాళీ చేసి వెళ్ళిపోతామంటున్నారు.”

“వంటతోని అంటుకోదని చెప్పుండ్రి,” అన్నాడు అంజయ్య.

“నేను చెప్తే వింటారా?”

అప్పుడే కర్రీ పాయింటు కవర్లు పట్టుకుని ఒకమ్మాయి లోపలికొచ్చింది. సుజాతను చూసి ఆగిపోయింది. “అక్కా, వచ్చినవా! ఆంటీ, ఇయ్యాల సంది మంచిగ తింటమా మరి? ఈ పప్పుల పప్పే లేదు, నీళ్లే.”

“మీ నాన్నగారే ఫోన్ చేసింది తల్లీ.”

అమ్మాయి కవర్లు బల్ల మీద పెట్టింది. “మా నాయనకు నేను చెప్పుకుంట ఆంటీ. పొద్దంతా సమానత్వ హక్కు బట్టీ కొట్టి రాత్రికి ఈమెను ఎల్లగొడితే ఎట్ల?” అని మెట్లెక్కి వెళ్ళిపోయింది.

రమాదేవి గారు కొంగుతో ముఖం తుడుచుకున్నారు. ఆవిడకు ఏదో ఒక ఆధారం కావాలి. అది కనిపిస్తూనే ఉంది.

“సుజాతా, రిపోర్టులూ అవీ వద్దులే. అందరి ముందూ ఒక్క మాట చెప్పు. నాకు లేదు, ఆవిడ నేను కాదు అని. నేను అందరికీ అదే చెప్పుకుంటాను. వెంటనే పనిలోకి వచ్చెయ్.”

ఇంతకంటే సులువైన షరతు ఉండదు. ఆ మాట ఆమె మా ఆఫీసులో ఎన్నోసార్లు అన్నదే. పక్కన బాలమణి నోరు తెరవబోయింది. సుజాత ఆమె మోచేయి పట్టుకుంది.

“ఉందో లేదో నేను చెప్పను అమ్మా. వంటకు రావాల్నా వద్దా, గది చెప్పుండ్రి.”

రమాదేవి గారు సుజాత వంక, అంజయ్య వంక, నా వంక చూశారు. బాలమణి వంక చూడలేదు. చూడాల్సిన అవసరం ఆవిడకు కలగలేదు.

“బియ్యం మూట పైన ఉంది,” అన్నారు చివరకు. “నీళ్ళు వచ్చే టైమైంది. ముందు ఆ డ్రమ్ములు కడిగించు.”

ఆవిడ మనసు మారిందని నేను రాయలేను. నాకు తెలియదు. చట్టం పనిచేసిందా, పప్పులో నీళ్ళు పనిచేశాయా, ఆ అమ్మాయి మాట పనిచేసిందా అంటే మూడూ కొంచెం కొంచెం అనుకుంటాను. ఇద్దరు పిల్లలు ఖాళీ చేసి వెళ్ళిపోయారు కూడా. అంబర్‌పేటలో సుజాత ఇంటి పక్కవాళ్ళు చాలాకాలం ఆమె దగ్గర చక్కెర కూడా బదులు తీసుకోలేదు.

ఆమె మమ్మల్ని గేటు దాకా సాగనంపింది. బాలమణి అక్కడ ఆగింది.

“లేదని చెప్తే అయిపోతుండె కదక్కా. నీకు లేదు కద.”

“లేదని నాకేం ఎరుక?” అంది సుజాత. “ఎన్నడన్న చూపించుకున్ననా? నువ్వన్న చూపించుకున్నవ్.”

బాలమణి ఆమె చెయ్యి పట్టుకుంది. “సోమారం రా. నేనే తోల్కపోత. ఎవ్వలకు చూపియ్యనీకె గాదు, నీకోసానికి.”

“వంటయినంక వస్త. పదకొండు దాటుతది.”

“దాటనీ.”

ఆ తర్వాత

మా పత్రికలో పద్ధతి మార్చాం. మారు పేరు ఆ మనిషే ఎంచుకోవాలి. చుట్టుపక్కల అదే పనిలో ఆ పేరుతో మరొకరు ఉన్నారేమో రిపోర్టరు తిరిగి కనుక్కోవాలి. వీలైతే పేరే లేకుండా ‘ఆమె’ అని రాయాలి. ఇది మీలో కొందరికి చాదస్తంగా తోస్తుంది. కానీ పత్రిక ఒకరిని దాచాలంటే మరొకరి వెనక నిలబెట్టి దాస్తుంది. ఆ మరొకరు ఎవరో తెలుసుకోవడం మన పనే.

సుజాత హాల్లో అన్న మాటను అప్పట్లో నేను రాయలేదు. రాస్తే మళ్ళీ అదంతా మొదలవుతుంది. ఇప్పుడు ఆమె ఒప్పుకున్నాక రాస్తున్నాను.

సోమవారం వాళ్ళిద్దరూ వెళ్ళారని అంజయ్య చెప్పాడు. అంతే చెప్పాడు. ఆ వారంలోనే ఒకరోజు పేజీ పెడుతూ రామ్మూర్తి గారు తలెత్తకుండా అడిగారు.

“ఇంతకీ ఆవిడకు ఉందటా, లేదటా?”

“అడగలేదండీ.”

“రిపోర్టరువి కదమ్మా, అడగకపోతే ఎలా?”

నేను నా కాపీ ఆయన ముందు పెట్టాను. ఆయన తలెత్తి నా వంక చూశారు.

“వంట చేస్తోందా?”

“చేస్తోందండీ.”

“సరే,” అని ఆయన మళ్ళీ పేజీ మీదికి వంగారు.